లండన్ గెర్కిన్ టవర్: పదకొండేళ్లు పనిచేశాక నా సమీక్ష

పోయిన నెల మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. అన్నయ్యకి వెలగపూడి సచివాలయంలో ఉద్యోగం. అమరావతిలో కట్టే కొత్త సచివాలయం టవర్లకి డయాగ్రిడ్, అంటే బయటి అంచున ఏటవాలు ఉక్కు కడ్డీల అల్లిక, ఉంటుందని పేపర్లో చదివాడట. "చెల్లీ, లండన్‌లో నువ్వు పనిచేసిన ఆ గుండ్రటి బిల్డింగ్ కూడా డయాగ్రిడ్డే కదా? మాకూ అవే వస్తున్నాయి. లోపల కూర్చుని పనిచేస్తే ఎలా ఉంటుంది? కిటికీలు తెరుచుకుంటాయా?" అని అడిగాడు. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

2011 సెప్టెంబరు నుంచి 2022 చివరి దాకా ఆ భవనంలో పనిచేశాను. ఇన్సూరెన్స్ క్లెయిముల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. కరోనా వల్ల రెండేళ్లు ఇంటి నుంచి పనిచేసినా, పాస్ మెడలో వేసుకుని ఆ తలుపుల్లోంచి లోపలికి నడిచిన రోజులు రెండు వేలకు తక్కువ ఉండవు. టూరిస్టుగా వెళ్లి ఫొటో దిగినవాళ్ల అభిప్రాయం వేరు, జ్వరం వచ్చి తగ్గిన రోజున కూడా అక్కడే కూర్చుని పనిచేసినవాళ్ల అభిప్రాయం వేరు. నాది రెండో రకం.

ముందే చెప్పేస్తాను. నేను పనిచేసిన ఆఫీసుల్లో ఇదే మంచిది. అందరూ మెచ్చుకునే దాని ఆకారం కన్నా, లోపలికి వెలుతురు రావడానికి చేసిన ఏర్పాటు నాకు ఎక్కువ నచ్చింది. నన్ను బాధపెట్టింది కూడా ఆ ఏర్పాటుకు పట్టిన గతే.

దాని అసలు పేరు 30, సెయింట్ మేరీ యాక్స్. అది వీధి పేరు, ఇంటి నంబరు. లండన్‌లో ఆ పేరు చెబితే టాక్సీ డ్రైవర్ కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. గెర్కిన్ అంటే వెంటనే తీసుకెళ్తాడు. గెర్కిన్ అంటే సీసాల్లో ఊరబెట్టే చిన్న కీర దోసకాయ. మన కుప్పం వైపు రైతులు ఎగుమతి కోసం పండించేది అదే. భవనం ఎత్తు 180 మీటర్లు. కింద కొంచెం సన్నగా మొదలై, పైకి వెళ్లేకొద్దీ లావై, 17వ అంతస్తు దగ్గర 56 మీటర్ల పైచిలుకు వెడల్పుకు చేరి, అక్కడి నుంచి మళ్లీ సన్నబడుతూ గుండ్రటి కొప్పులా ముగుస్తుంది. నార్మన్ ఫోస్టర్ సంస్థ డిజైన్ చేసింది, అరూప్ ఇంజనీర్లు లెక్కలు కట్టారు, ఇన్సూరెన్స్ కంపెనీలకే ఇన్సూరెన్స్ ఇచ్చే స్విస్ రీ అనే కంపెనీ తన కోసం కట్టించుకుంది. 2003 చివరికి పని పూర్తయింది, 2004లో తెరిచారు. ఆ ఏడాదే బ్రిటన్‌లో కొత్త కట్టడాలకిచ్చే స్టర్లింగ్ ప్రైజ్ వచ్చింది.

ఆ స్థలానికి ఒక గాయం కూడా ఉంది. 1992 ఏప్రిల్ 10న, ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలనకి వ్యతిరేకంగా ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ అనే సంస్థ అక్కడ బాంబు పేల్చింది. ముగ్గురు చనిపోయారు. ఓడల రవాణా బేరాలు నడిచే బాల్టిక్ ఎక్స్చేంజ్ అనే పాత భవనం బాగా దెబ్బతింది. దాన్ని మళ్లీ నిలబెట్టాలని కొన్నాళ్లు చూసి, చివరికి తీసేశారు. రాళ్లు విప్పి దాచినవి ఎస్టోనియా వాళ్లు కొనుక్కుని టాలిన్‌కి తీసుకెళ్లారు. యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా ఆ భవనంలో పెట్టిన రంగు అద్దాలు ఇప్పుడు గ్రీనిచ్‌లోని మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. నేను వెళ్లి చూశాను. ఆఫీసు కింద నేల చరిత్ర తెలిశాక, ఉదయం భవనం చుట్టూ ఉన్న ఖాళీ ప్లాజా దాటేటప్పుడు నడక కొంచెం మారింది.

1996లో ఇదే చోట ఫోస్టర్ సంస్థ 386 మీటర్ల టవర్ ప్రతిపాదించింది. వ్యతిరేకత వచ్చి అది ఆగిపోయింది. అందులో సగం కన్నా తక్కువ ఎత్తుకి దిగాకే 2000లో అనుమతి వచ్చింది. అలా దిగడం మంచిదే అయిందని నా నమ్మకం.

ఇక అన్నయ్య అడిగిన డయాగ్రిడ్ సంగతి. మామూలు బిల్డింగుకి నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు ఉంటాయి. దీనికి బయటి అంచు చుట్టూ ఉక్కు కడ్డీలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కలుసుకుంటూ పైదాకా వెళ్తాయి. మేదరివాళ్లు అల్లిన వెదురు గంపని తలుచుకోండి. గంప నిలబడడానికి మధ్యలో గుంజ అక్కర్లేదు, అల్లికే దాని బలం. ఇక్కడా అంతే. బరువుతో పాటు గాలి తోపుని కూడా ఆ అల్లికే మోస్తుంది. మధ్యలో లిఫ్టులు, మెట్లు, టాయిలెట్లు ఉన్న భాగం ఒకటి ఉంటుంది. దానికీ బయటి అంచుకీ మధ్య ఒక్క స్తంభం కూడా లేదు. కూర్చునేవాళ్లకి దీనివల్ల వచ్చే లాభం ఏంటంటే, ఏ మూల నుంచి చూసినా కిటికీ కనిపిస్తుంది. హైదరాబాదులో నేను మొదట పనిచేసిన ఆఫీసులో నా సీటు పక్కన చదరపు స్తంభం ఉండేది. మూడేళ్లు ఆ స్తంభాన్నే చూశాను. అందుకే ఇక్కడ మొదటి రోజు ఆ ఖాళీ చూసి ఆగిపోయాను.

నష్టమూ ఉంది. కిటికీ పక్క సీటు వచ్చిందని సంబరపడితే, ఏటవాలు కడ్డీ సరిగ్గా కంటి ముందు నుంచి పోతుంది. అది సన్నగా ఉండదు, తెల్లటి రేకు తొడిగి ఉంటుంది. పైగా గోడ వంపు వల్ల డెస్కు అంచుకి ఆనదు. ఎక్కడ చూసినా త్రికోణాల్లో ఖాళీ మిగిలిపోతుంది. బీరువా పెడితే వెనక చెయ్యి పట్టేంత సందు. కొత్తగా చేరినవాళ్లకి దిక్కు కూడా తెలియదు. మూలలు లేని చోట "ఆ చివర కూర్చున్న ఆయన" అని చెప్పడం కుదరదు. నాకు ఆరు నెలలు పట్టింది. చివరికి కిటికీలోంచి ఏది కనిపిస్తుందో దాన్ని బట్టి గుర్తుపెట్టుకున్నాను. టవర్ బ్రిడ్జి కనిపిస్తే ఆగ్నేయం, కెనరీ వార్ఫ్ కనిపిస్తే తూర్పు.

ఊగుతుందా అని చాలామంది అడిగారు. నాకు ఎప్పుడూ తెలియలేదు. 2022 ఫిబ్రవరిలో యూనిస్ తుపాను రోజున గ్రీనిచ్ వైపు గుడారంలా ఉండే ఓ2 భవనం పైకప్పు గుడ్డ చిరిగిపోయింది. ఆ రోజు ఆఫీసుకి వచ్చినవాళ్లం పది మందిమే. కింద వీధిలో నిలబడలేకపోయాం. పైన కాఫీ కప్పులో కాఫీ కదల్లేదు. త్రికోణాల అల్లిక బిగువు అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా అమ్మమ్మ వాళ్లది ఏలూరు దగ్గర పల్లెలో మండువా ఇల్లు. మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ వసారాలు. మధ్యాహ్నం దీపం అక్కర్లేదు, గాలికి విసనకర్ర అక్కర్లేదు. వాన పడితే మండువాలోకే పడేది. టవర్‌లో అలా చెయ్యడం కుదరదు, మధ్యన లిఫ్టులు ఉండాలి. అందుకని గెర్కిన్ డిజైన్ చేసినవాళ్లు మండువాని మధ్యలోంచి తీసి అంచుకి తెచ్చారు. గుండ్రటి అంతస్తుని పూర్తిగా నింపకుండా, అంచు నుంచి లోపలికి ఆరు త్రికోణాల ముక్కలు కోసి వదిలేశారు. పువ్వుకి ఆరు రేకులు, రేకుకీ రేకుకీ మధ్య ఖాళీ అనుకోండి. రేకుల్లో మనం కూర్చుంటాం. ఖాళీల్లోంచి వెలుతురు, గాలి వస్తాయి. ఆఫీసులో వాటిని ఏట్రియం అనేవాళ్లం.

ఇంకో మెలిక ఉంది. ఒక అంతస్తు మీద దాని పైఅంతస్తుని నేరుగా పెట్టలేదు. 5 డిగ్రీలు తిప్పి పెట్టారు. దానిపైది ఇంకో 5 డిగ్రీలు. అందుకే ఆ ఖాళీలు నిలువు బావుల్లా కాకుండా మెలితిరుగుతూ పైకి వెళ్తాయి. బయటి నుంచి చూస్తే భవనం చుట్టూ నల్లటి పట్టీలు సుడి తిరిగినట్టు కనిపిస్తాయే, అవి అలంకారం కాదు. ఏట్రియంల దగ్గర వాడిన ముదురు రంగు అద్దాలు. లోపల ఏట్రియం అంచున నిలబడి కిందకి చూస్తే, కింది అంతస్తు అంచు కొంచెం పక్కకి, దాని కిందది ఇంకొంచెం పక్కకి, మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. నిప్పు పాకకుండా ఆరు అంతస్తులకోసారి దీన్ని మూసేశారు.

ఈ ఖాళీల పక్కన కిటికీలు తెరుచుకునేలా పెట్టారు. బయట వాతావరణం బాగుంటే వాటంతటవే తెరుచుకోవాలి, గాలి ఆ మెలికల్లోంచి పైకి లాగబడాలి, ఆ వేళల్లో ఏసీ ఆపెయ్యాలి. ఇదీ ఆలోచన. ఇలా నడిపితే అంతే పెద్ద మామూలు టవర్‌కి అయ్యే కరెంటులో సగంతో సరిపోతుందని డిజైన్ దశలో చెప్పారు. మిగతా చోట గోడ కూడా తెలివైనదే. బయట రెండు పొరల అద్దం, లోపల ఇంకో పొర, మధ్యలో సందు, ఆ సందులో బ్లైండ్స్. ఎండ వేడి లోపలికి రాకముందే సందులో ఆగిపోతుంది, ఆ వేడి గాలిని పైకి లాగేస్తారు. మే, జూన్ నెలల్లో కిటికీకి భుజం ఆనించి కూర్చున్నా నాకు వేడి తగల్లేదు. ఈ ఒక్క విషయంలో పూర్తి మార్కులు వేస్తాను.

కిటికీల విషయానికొస్తే, అన్నయ్యా, తెరుచుకునేలా కట్టారు. కానీ నా పదకొండేళ్లలో మా అంతస్తులో వాటంతటవి తెరుచుకోవడం నేను చూడలేదు.

ఎందుకు అంటే ఒక్క కారణం కాదు. కట్టించుకున్నది ఒక కంపెనీ అయినా, పై అంతస్తులన్నీ అద్దెకు వెళ్లాయి. ఒకే మెలికలో వేరువేరు కంపెనీలు ఉంటే ఒకరి గాలి, ఒకరి మాటలు ఇంకొకరికి పోకూడదంటారు. తలుపులు, గోడలు వస్తాయి. ఒకసారి గోడ వచ్చాక గాలి నడవదు. 2005 ఏప్రిల్‌లో ఒక కిటికీ అద్దం ఊడి కింద ప్లాజాలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ తర్వాత తెరవడం అంటే అందరికీ భయం ఉండడం సహజమే.

మా కంపెనీ సంగతి చెప్పాలి. మాకు ఒకదాని మీద ఒకటి మూడు అంతస్తులు ఉండేవి. మొదటి నాలుగేళ్లు మా ఏట్రియం ఖాళీగా ఉండేది. దాని అంచున రెండు సోఫాలు, ఒక కాఫీ మెషీన్, నాలుగు కుండీలు. పై టీమ్‌లో ఎవరైనా నవ్వితే కిందకి వినిపించేది. ఫోన్ చెయ్యకుండా అంచున నిలబడి చెయ్యి ఊపితే కింది అంతస్తులో ఉన్న గుజరాతీ అమ్మాయి పైకి వచ్చేది. చలికాలంలో లండన్‌లో మూడున్నర నాలుగుకే చీకటి పడుతుంది. ఆ నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంటకి టిఫిన్ డబ్బా పట్టుకుని ఆ సోఫాలో కూర్చుంటే మొహం మీద ఎండ పడేది. నా కూతురు కడుపులో ఉన్నప్పుడు ఆ సోఫా నాకు ఎంత ఆసరా ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. డాక్టర్ విటమిన్ డి మాత్రలు రాసిచ్చిన దేశంలో, ఆఫీసులో ఎండ దొరకడం చిన్న విషయం కాదు.

వాసనల సమస్య నిజంగానే ఉండేది. కింది అంతస్తులో ఎవరైనా చేపల కూర వేడి చేసుకుంటే పైకి తెలిసిపోయేది. శబ్దం కూడా అంతే. క్లయింట్ కాల్‌లో ఉంటే టెన్షన్‌గానే ఉండేది. ఇవి సర్దుకోగలిగిన ఇబ్బందులే. మా మేనేజ్‌మెంట్ అలా అనుకోలేదు. 2015లో ఏట్రియం చుట్టూ అద్దాల గోడ కట్టి, సోఫాలు తీసేసి, ఆ త్రికోణం పక్కనంతా మీటింగ్ రూములు వేశారు. మీటింగ్ రూముకి ప్రొజెక్టర్ కావాలి, ప్రొజెక్టర్ కనిపించాలంటే బ్లైండ్స్ దించాలి. అలా ఆ భవనంలో అన్నిటికన్నా తెలివైన భాగం మాకు మూసేసిన బ్లైండ్స్ అయింది. నేను మెయిల్ రాశాను, మా మేనేజర్‌తో రెండుసార్లు మాట్లాడాను. స్థలం ఖరీదు లెక్క చూపించారు. చదరపు అడుగుల లెక్కలో సోఫా ఎప్పుడూ ఓడిపోతుంది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

ఆర్కిటెక్ట్‌ని నేను తప్పుపట్టను. కానీ ఒకటి గమనించాలి. ఈ డిజైన్‌లో ముఖ్యంగా పనిచేసినవాళ్లలో ఒకరైన కెన్ షటిల్‌వర్త్, తర్వాత సొంత సంస్థ పెట్టుకున్నారు. కొన్నేళ్లకి ఆయనే, నేల నుంచి పైకప్పు దాకా అద్దాలతో నింపే భవనాలు ఇకముందు సరికాదని బహిరంగంగా చెప్పారు. తను చేసిన పనిని తనే మళ్లీ తూచి చూసుకోవడం నాకు గౌరవంగా అనిపించింది. లండన్ ఎండకే ఆ మాట అన్నారంటే, గుంటూరు ఎండకి, విజయవాడ ఎండకి ఏమనాలి?

ప్రాక్టికల్ విషయాలు కొన్ని. లిఫ్టులు వేగంగా ఉంటాయి, పొద్దున తొమ్మిదికి కాస్త ఆగాలి. మామూలు లిఫ్టులు 34వ అంతస్తు దాకానే. పైన గుండ్రటి కొప్పు మీద లిఫ్టు మెషినరీ రాకూడదని అలా చేశారు. ఆ పైకి ఇంకో లిఫ్టు మారాలి, చివరి అంతస్తుకి మెట్లు. ఫైర్ డ్రిల్‌లో ఇరవై చిల్లర అంతస్తులు దిగాను. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ముందే ఆఫీసులో చెప్పి పెట్టుకోవాలి. ఈస్ట్ హామ్‌లో ఉండేదాన్ని కాబట్టి డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగి పది నిమిషాలు నడిచేదాన్ని. మధ్యాహ్నం బయట తినాలంటే పెటికోట్ లేన్ వైపు బళ్లు చవక, లెడెన్‌హాల్ మార్కెట్ అందం ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ.

పై అంతస్తుకి నేను నాలుగుసార్లే వెళ్లాను, అవీ కంపెనీ పార్టీలకి. చుట్టూ అడ్డం లేని గుండ్రటి గది, తల మీద అద్దాల కప్పు. ఇంత గుండ్రటి భవనంలో వంచిన అద్దం ఒక్కటే ఒక్కటి, అది శిఖరాన ఉన్న టోపీ లాంటి బిళ్ల, వెడల్పు సుమారు 2.4 మీటర్లు. మిగతా వేల అద్దాలన్నీ సమతలంగా ఉన్నవే. ముక్కలు చిన్నవి కావడం వల్ల కలిపితే గుండ్రంగా కనిపిస్తుంది. 2018 నుంచి పైన రెస్టారెంటు, బార్ అందరికీ తెరిచారు. అమ్మా నాన్న 2019లో వచ్చినప్పుడు తీసుకెళ్లాను. నాన్న దృశ్యం చూడకుండా అద్దాల అతుకులు చూస్తూ నిలబడ్డారు. రిటైర్ కాకముందు ఆయన ఓవర్‌సీర్‌గా చేశారు. "వానకి ఎక్కడా కారడం లేదే!" అన్నారు. నాకు తెలిసి ఆ భవనానికి వచ్చిన పొగడ్తల్లో అది గొప్పది.

వీధిలో నడిచేవాళ్ల గురించి కూడా చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. ఎత్తయిన చదరపు భవనం గోడకి గాలి కొట్టుకుని కిందకి దిగి, పాదచారుల మీద పడుతుంది. లండన్‌లో అలాంటి చోట్ల గొడుగు తిరగబడిపోతుంది. గెర్కిన్ గుండ్రంగా ఉండడం వల్ల గాలి పక్కల నుంచి జారిపోతుంది. కింద సన్నగా ఉండడం వల్ల చుట్టూ ప్లాజాకి చోటు మిగిలింది, అక్షరాలు చెక్కిన రాతి బెంచీలు వేశారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, పాస్ అడగరు. నడిచి పది నిమిషాల దూరంలో వాకీ టాకీ అని పిలిచే ఇంకో టవర్ ఉంది. దాని గోడ లోపలికి వంగి ఉండడంతో 2013లో ఎండ ఒకచోట కేంద్రీకరించి, వీధిలో ఆపిన కారు భాగాలు కరిగాయి. ఇక్కడ గోడ బయటికి వంగింది, వెలుతురు చెదిరిపోతుంది. వంపు ఒకటే, దిశ మారితే వీధికి జరిగేది మారిపోతుంది.

బరీ స్ట్రీట్ వైపు వెళ్తే నేలలో ఒక రాతి పలక, గోడ మీద కొన్ని అక్షరాలు ఉంటాయి. పునాదులకు ముందు, 1995లో తవ్వినప్పుడు, రోమన్ల కాలంనాటి ఒక టీనేజీ అమ్మాయి అస్థిపంజరం దొరికింది. సుమారు పదహారు వందల ఏళ్ల కిందటిది. మ్యూజియంలో ఉంచి, టవర్ పూర్తయ్యాక 2007లో తెచ్చి మళ్లీ అక్కడే పూడ్చారు. పేరు తెలియని అమ్మాయి అని రాశారు. వీధిలో పోయేవాళ్లు ఎక్కువమంది చూడరు. నేను ఏడాదికోసారి, మా నాయనమ్మ పోయిన రోజున, అక్కడ రెండు పూలు పెట్టేదాన్ని.

పదకొండేళ్లలో భవనం మారలేదు, చుట్టూ ఉన్నది మారిపోయింది. నేను చేరినప్పుడు గెర్కిన్ ఊరంతటికీ గుర్తు. ఈస్ట్ హామ్ నుంచి రైల్లో వస్తుంటే దూరం నుంచే కనిపించేది. మొదట నైరుతి వైపు లెడెన్‌హాల్ భవనం లేచింది, 2014కి పూర్తి, 225 మీటర్లు. దాని గాజు లిఫ్టులు పైకీ కిందకీ పోవడం మా సీట్ల నుంచి కనిపించేది. చలికాలం మధ్యాహ్నం ఎండ సరిగ్గా నైరుతి నుంచే వస్తుంది. అంటే మా ఎండ దాని వెనక్కి వెళ్లిపోయింది. తర్వాత దక్షిణాన స్కాల్‌పెల్ అనే టవర్, 2018. తర్వాత పడమర 22 బిషప్స్‌గేట్, 278 మీటర్లు, 2020. నేను మానేసేనాటికి పడమటి కిటికీల నుంచి ఆకాశం కన్నా పక్క ఆఫీసుల్లో వెలిగే లైట్లే ఎక్కువ కనిపించేవి. ఇప్పుడు చాలా వైపుల నుంచి గెర్కిన్ అసలు కనిపించదు. పక్కనే 305 మీటర్ల టులిప్ అనే టవర్ కూడా వచ్చేదే. లండన్ మేయర్ 2019లో కాదన్నారు, 2021లో ప్రభుత్వం కూడా తిరస్కరించింది. రెండు నిమిషాల దూరంలో 1701 నుంచి కొవ్వొత్తుల వెలుగులో ప్రార్థనలు చేసుకుంటున్న బెవిస్ మార్క్స్ యూదుల ప్రార్థనా మందిరం ఉంది. దాని పక్కన వేరే ఒక టవర్ వస్తే మిగిలిన కాస్త పగటి వెలుతురూ పోతుందని వాళ్లు పోరాడారు. 2021లో ఆ టవర్‌కి అనుమతి రాలేదు. ఆ వార్త చదివినప్పుడు వాళ్ల బాధ నాకు బాగా అర్థమైంది. కిటికీ మన చేతిలోనే ఉన్నా, వెలుతురు పక్కవాడి చేతిలో ఉంటుంది.

మొత్తం మీద మార్కులు వెయ్యమంటే పదికి ఎనిమిది వేస్తాను. ఒకటి త్రికోణం మూలల్లో పోయిన స్థలానికి తీసేశాను. రెండోది తెరుచుకోని కిటికీలకి. అది పూర్తిగా భవనం తప్పు కాకపోయినా, వాడేవాళ్ల స్వభావాన్ని కూడా డిజైన్ ముందే ఊహించాలని నా అభిప్రాయం. లండన్‌లో కొత్తగా ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఆ భవనంలో సీటు దొరికితే, కిటికీ పక్క సీటు కన్నా ఏట్రియం పక్క సీటు అడగండి. రెండు వైపుల నుంచి వెలుతురు వస్తుంది, తల ఎత్తితే చూపు ఇంకో అంతస్తు దాకా పోతుంది. భవనం చూడాలని మాత్రమే ఉంటే, సెప్టెంబరులో లండన్ భవనాలను అందరికీ తెరిచి చూపించే ఓపెన్ హౌస్ రోజుల కోసం చూడండి.

అన్నయ్యా, నీకు చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. అమరావతి ప్రభుత్వ భవనాల సముదాయానికి డిజైన్ ఇచ్చింది కూడా ఫోస్టర్ వాళ్లే. మీ ఐదు టవర్లకీ డయాగ్రిడ్ ఉంటుందన్నావు. అల్లిక గురించి నువ్వు భయపడకు, అది గట్టిది. లోపల స్తంభాలు అడ్డురావు. నువ్వు అడగాల్సినవి వేరే. మే నెలలో కరెంటు పోతే గాలి ఎటు నుంచి వస్తుంది? వెలుతురు కోసం వదిలిన చోట్లు ఉంటే, వాటిని తర్వాత ఏ శాఖా గది కింద మార్చుకోకుండా ఎవరు చూస్తారు? ఫైళ్ల బీరువాలు వంపు గోడ దగ్గర ఎలా పెడతారు? పని మీద వచ్చే రైతు లిఫ్టు దిగగానే ఎటు వెళ్లాలో ఎలా తెలుస్తుంది? మీ ఉద్యోగుల సంఘం మీటింగులో ఈ ప్రశ్నలు పెట్టు. మాది కట్టేశాక అడిగాను, మెయిల్‌కి జవాబు కూడా సరిగా రాలేదు. మీవి ఇంకా పూర్తి కాలేదు.